మాత్రకీ బన్నుకీ మధ్య

తెల్లవారుతుండగా అత్తగారు మంచం మీద లేచి కూర్చుని, దిండు పక్కనున్న అట్టపెట్టెలోంచి ఒక మాత్ర తీసి, రెండు గుక్కల నీళ్లతో మింగింది. మింగి, గోడ గడియారం కనపడకుండా తల పక్కకి తిప్పుకుంది. గడియారం చూస్తే తప్పు చేస్తున్న సంగతి తెలుస్తుంది. చూడకపోతే తెలియదు. అరవై దాటాక ఆవిడ కనిపెట్టిన ఉపాయం అది.

ఆ మాత్ర గురించి డాక్టరమ్మ ఒకటికి పదిసార్లు చెప్పింది. పరగడుపున వేసుకోవాలి, కాసిని నీళ్లే తాగాలి, ఆ తరవాత అరగంట దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. ఈలోపల ఏదన్నా కడుపులో పడిందంటే మాత్ర వేసుకున్నా వేసుకోనట్టే.

కింద బేకరీలో బట్టీ తలుపు కిర్రుమంది. వేడి బన్నుల వాసన మెట్లెక్కి పైకొచ్చింది. ఆ వాసన వెనకే కోడలు వచ్చింది. చేతిలో స్టీలు పళ్లెం, పళ్లెంలో ఒకే ఒక బన్ను.

"ఉప్పు చూడండి అత్తయ్యా."

అత్తగారు బన్ను తుంచి, ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలింది. మింగింది. "ఊఁ, తియ్యండి," అంది. కోడలు మెట్ల దగ్గరికెళ్లి "తియ్యమంటున్నారు" అని కేకేసింది. కింద షట్టరు గరగరా లేచింది.

ఆ ఇంటి ఆచారం అది. ముప్పై ఏళ్ల కిందట మొగుడూ పెళ్లాలు ఒక్క బట్టీతో పెట్టిన కొట్టు. మొదటి వాయిలో మొదటి బన్ను ఆవిడ నోట్లో పడి, ఆవిడ "తియ్యండి" అంటేనే అమ్మకం. తరవాత మొగుడు పోయాడు, కొట్టు కొడుకు చేతికొచ్చింది, గల్లా పెట్టె దగ్గర కోడలు కూర్చుంది. ఆ ఒక్క మాట మాత్రం ఇంకొకరి నోటికి వెళ్లలేదు. మోకాళ్లు అరిగిపోయి ఆవిడ కిందికి దిగలేకపోతే, బన్నే పైకి రావడం మొదలుపెట్టింది.

అంచేత మాత్ర కడుపులో కుదురుకోకముందే దాని నెత్తిన బన్ను పడుతోంది. రోజూ పడుతోంది. ఆవిడకి తెలుసు. అరగంట ముందే లేచి మింగితే పీడా పోయేది. కానీ మోకాళ్ల సలుపుతో రాత్రంతా దొర్లి, ఏ తెల్లవారుజాముకో కన్నంటుకునే మనిషి ఎలా లేస్తుంది? కోడల్ని లేపమనాలి. ఎలా అంటుంది? ఆ దారి తన నోటితో తనే మూసేసుకుంది కదా.

మాత్ర రాకముందు సూది ఉండేది. వారానికోసారి, ఆదివారం మధ్యాహ్నం, కోడలు చేతులు కడుక్కొచ్చి పక్కన కూర్చుని, పొట్ట మీద చర్మం చిటికెడు ఒడిసిపట్టి, పెన్నులా ఉండే ఆ సూది ఆనించి నొక్కేది. అత్తగారు కళ్లు బిగించి కోడలి భుజం పట్టుకునేది. బరువు తగ్గితేనే మోకాళ్లకి ఆపరేషన్ చేస్తానన్నాడు ఎముకల డాక్టరు. సూదితో బరువు తగ్గుతోంది కూడా. అంతలో ఒకసారి ఆ పెన్ను ఫ్రిజ్‌లో వెన్న దిమ్మల వెనక్కి జరిగిపోయి గడ్డకట్టింది. ఖరీదైన మందు బుగ్గిపాలైంది. నువ్వు జరిపావంటే నువ్వు జరిపావని అత్తాకోడళ్లు రెండు రోజులు ఇల్లు పీకి పందిరేశారు. చివరికి అత్తగారు, "నా మందు నేను చూసుకుంటాను. నాకెవరి చెయ్యీ అక్కర్లేదు," అని తెగేసి చెప్పింది. డాక్టరమ్మ సరేనని రోజూ వేసుకునే మాత్రకి మార్చింది.

అక్కర్లేదన్న చేతినే మళ్లీ లేపమని అడగడమా? పోనీ, బన్ను అరగంట ఆలస్యంగా తెమ్మందామా? ఒకరోజు ఆగుతారు, రెండో రోజు ఆగుతారు. మూడో రోజు కొడుకు "పోనీలే అమ్మా, ఇవాళ్టికి నేను చూశాలే," అంటాడు. ఇంక అంతే సంగతులు. మెట్లు దిగలేని మనిషికి ఆ కొట్టులో మిగిలింది ఆ ఒక్క మాటే. అదీ పోతే తను పై గదిలో పడున్న ముసలిదాని కింద లెక్క.

పళ్లెంలో మిగిలిన ముక్క కూడా అత్తగారు నోట్లో వేసుకుంది. ఆ పూటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాల్సి ఉంది.

ఆవిణ్ణి కిందికి దించడమంటే ఒక ఊరేగింపు. కుర్చీలో కూర్చోబెట్టి, ముందు కొడుకు, వెనక బట్టీ మాస్టరు పట్టుకుని, మెట్టు మెట్టుకీ "జాగ్రత్త, జాగ్రత్త" అంటూ మోయాలి. బ్రెడ్డు కొనుక్కోవడానికొచ్చిన వాళ్లందరూ పక్కకి తప్పుకుని జాలిగా చూస్తారు. ఒకప్పుడు పిండి బస్తా నడుం మీద పెట్టుకుని అవే మెట్లు ఎక్కిన మనిషి. ఆ కాసేపూ ఆవిడ తల ఎత్తదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ బరువు చూసింది. అత్తగార్ని దింపి, మళ్లీ ఎక్కించి ఇంకోసారి చూసింది.

"పెరిగారు," అంది.

"ఆ మిషను సరిగ్గా ఉందో లేదో చూశారా?" అంది అత్తగారు.

"మిషను బాగానే ఉందండీ. సూదితో చక్కగా తగ్గుతూ వచ్చారు, మాత్రకి మారాక మళ్లీ పైకి పోతున్నారు. నేను చెప్పినట్టే వేసుకుంటున్నారా?"

"మీరు చెప్పినట్టే."

"పరగడుపునే?"

"పరగడుపునే." అది అబద్ధం కాదు. మాత్ర పరగడుపునే వెళ్తోంది. ఆ వెనక వెళ్లేదాని గురించి డాక్టరమ్మ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ బరువు ఇలాగే ఉంటే వచ్చే నెల ఇచ్చిన తారీఖుకి ఆపరేషన్ కుదరదు. ఎముకల డాక్టరుగారు ఒప్పుకోరు. ఈలోపల ఇంకోసారి చూద్దాం. అప్పటికీ దిగకపోతే ఈ తారీఖు వదులుకోవడమే. మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో నేను చెప్పలేను. ఇంతకీ ఇంట్లో ఏం పెడుతున్నారండీ ఈవిడకి?"

చివరి మాట అడిగింది కొడుకుని. కొడుకు చూసింది పక్కనే నిలబడ్డ భార్య వైపు. ఆ చూపుతోనే ఇంటికెళ్లాక జరగబోయేదేమిటో అత్తగారికి అర్థమైపోయింది.

అనుకున్నట్టే కుర్చీ పైకి చేర్చి, తల్లిని మంచం మీద కూర్చోబెట్టి, చెమటన్నా తుడుచుకోకుండా కొడుకు పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు.

"రోజూ పొద్దున్నే బన్ను పైకి పట్టుకొస్తావు. అది మైదా అనీ, అందులో పంచదార ఉంటుందనీ వేరే చెప్పాలా? చిటికెడు రుచి చూపించి మిగతాది కిందికి తెచ్చెయ్యొచ్చుగా."

"నేను తేకపోతే మీరు ఊరుకునేవారా? 'అమ్మకి బన్ను వెళ్లిందా' అని రోజూ అడిగేది ఎవరు?"

"నేను అడుగుతాను. నీకు బుర్ర ఉండక్కర్లేదా?"

"ఉన్న బుర్ర మీ ఆర్డర్లకే చాలట్లేదు."

అత్తగారు తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. ఒక్క మాట చెబితే ఈ గొడవ ఇక్కడితో ఆగిపోతుంది.  పడనీలే, కోడలేగా, అని మనసులో ఏ మూలో అనిపించింది కూడా. అలా అనిపించినందుకు సిగ్గేసింది. అయినా ఆ మాట చెప్పలేదు.

కోడలే ఇటు తిరిగింది. "అత్తయ్యా, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు?"

"లేవగానే."

"లేచేది ఎప్పుడు?"

"రోజూ లేచే వేళకే. ఏం, పోలీసులా ఆరాలు తీస్తున్నావ్?"

"రోజూ లేచే వేళంటే నేను మెట్లెక్కే ముందే." కోడలి గొంతు నెమ్మదించింది. "అంటే మాత్రా, దాని వెనకాలే బన్నూ. అంతేనా?"

కొడుకు తల్లి మొహంలోకి చూశాడు. అత్తగారు చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ కూర్చుంది. అవి అప్పటికే సర్ది ఉన్నాయి.

"అమ్మా, నిజమేనా?"

"నిజమైతే ఏం చేస్తావురా, ఉరి తీస్తావా?"

"అరగంట ఏమీ తినకూడదని ఆవిడ అంతలా చెప్తే..."

"అరగంట కొట్టు మూసుకుని కూర్చుంటావా నువ్వు?" అత్తగారి గొంతు లేచింది. దాచుకున్నదంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది. "ముప్పై ఏళ్లుగా నా నోటి మాట లేకుండా ఈ కొట్టులోంచి ఒక్క రొట్టె ముక్క కదల్లేదు. మీ నాన్న ఉన్నప్పుడూ కదల్లేదు, పోయిన నాడూ కదల్లేదు. నా మోకాళ్ల కోసం బేరాలు పాడు చేసుకోమంటావా? నడిస్తే నడుస్తాను, లేకపోతే లేదు. నా మాట నాకు ఉండనీ."

 కొడుకు కిటికీలోంచి వీధిలోకి చూడడం మొదలుపెట్టాడు. అక్కడ చూడాల్సిందేమీ లేదు.

"చెప్పండి," అంది కోడలు మొగుడితో. "మీరే చెప్పండి."

"ఇప్పుడెందుకే అది."

"లేనిదాని కోసం మనిషి కాళ్లు పోగొట్టుకుంటుంటే, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడండీ?" కోడలు అత్తగారి ఎదురుగా వచ్చి నిలబడింది.  "సరుకు కదులుతోంది అత్తయ్యా. మీకు బన్ను తెచ్చేసరికే ఆస్పత్రి క్యాంటీనుకీ, హాస్టళ్లకీ వెనక తలుపు నుంచి వెళ్లాల్సిందంతా వెళ్లిపోయుంటుంది. షట్టరొక్కటే మీ మాట కోసం ఆగుతోంది. మీకొచ్చేది మొదటి వాయి కాదు."

"కాకపోతే?"

"మూడోది."

అత్తగారికి ముందు అర్థం కాలేదు. ఆ తరవాత అర్థమైంది. మూడో వాయి బన్ను కళ్లు మూసుకుని నమిలి, మహారాణిలా "తియ్యండి" అంటూ వచ్చింది తను. కింద బట్టీ మాస్టరు నవ్వుకునే ఉంటాడు.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు సూది మొదలెట్టిన కొత్తలో," అన్నాడు కొడుకు, కిటికీ వైపే చూస్తూ. "నీకు గుర్తుందో లేదో. ఆ మందు వల్ల వెన్న వాసన వస్తే చాలు, కడుపులో తిప్పేది నీకు. బాగున్న బన్ను కూడా 'కంపు కొడుతోంది, పారెయ్యండి' అనేదానివి. రెండుసార్లు వాయికి వాయి పారబోశాం. క్యాంటీనువాడు వేరే బేకరీ చూసుకుంటానన్నాడు. నీతో చెప్పే ధైర్యం లేక..."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట," అంది అత్తగారు. నవ్వబోయింది గానీ రాలేదు. "ఏడుస్తున్న చంటిదానికి ఉత్త గరిటె చేతికిచ్చి వంట చెయ్యమన్నట్టు, ఇన్నాళ్లూ నాతో ఆడుకున్నారు. వెళ్లండి. ఇద్దరూ కిందికి వెళ్లండి."

మధ్యాహ్నం భోజనం పళ్లెం పెట్టినచోటే ఉండిపోయింది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని, ఆ రెండు వాయిల సంగతి గుర్తు తెచ్చుకుంది. గుర్తుంది. ఆ రోజు బన్ను నోట్లో పెట్టుకోగానే డోకు వచ్చింది. లోపం బన్నులో లేదనీ, తన కడుపులో ఉందనీ అప్పుడే అనుమానం వచ్చింది. అయినా పారెయ్యమంది. "నాకు తెలియట్లేదురా" అనడానికి నోరు రాలేదు. ఎవరూ తనని మోసం చెయ్యకముందే తన నాలుకని అడ్డుపెట్టుకుని తను వాళ్లని మోసం చేసింది. ఆ సంగతి తేలాక కోపానికి కూర్చోడానికి చోటు లేకపోయింది. మిగిలింది ఏడుపే.

సాయంత్రం బేరాలు పలచబడ్డాక కోడలు వచ్చింది. ముట్టని పళ్లెం పక్కకి జరిపింది. మంచం చివర కూర్చుంది.

"రేపట్నుంచి నేను ముందే లేపుతాను అత్తయ్యా. అరగంట ముందు మాత్ర వేసుకుంటే సరిపోతుంది."

"ఎందుకు? మూడో వాయి తినడానికా?"

కోడలు తల వంచుకుంది.

"ఒకటి చెప్పు," అంది అత్తగారు, గోడవైపే తిరిగి. "సరుకెలాగూ వెళ్లిపోయాక, పనిగట్టుకుని మెట్లెక్కి నాకెందుకు తెచ్చేదానివి? వాడు తెమ్మన్నాడనా?"

"ఆయన మొదట్లో మానెయ్యమన్నారు. 'అలవాటు తప్పిద్దాం, మెల్లిగా అదే పోతుంది' అన్నారు. నేనే వద్దని ఒప్పించాను." కోడలు చీర అంచు వేలికి చుట్టి విప్పింది. "ఇంట్లో మీరు నాతో మాట్లాడేది తక్కువ. ఏదన్నా కావాలంటే ఆయనతో చెప్తారు, ఆయన నాతో చెప్తారు. పొద్దున్న బన్ను దగ్గర మాత్రం నా మొహం చూసి మాట్లాడతారు. ఆదివారం సూది వేసేటప్పుడు నా భుజం పట్టుకునేవారు. గట్టిగా, గోళ్లు దిగేలా. మా అమ్మ పోయాక నన్నట్లా పట్టుకున్నవాళ్లు లేరు. మాత్ర వచ్చాక అదీ పోయింది. ఈ బన్ను కూడా పోతే ఇంక మనిద్దరికీ ఏముంటుంది చెప్పండి."

అత్తగారు మెల్లిగా ఇటు తిరిగింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఈ పిల్ల తన ఎదుట ఇన్ని మాటలు మాట్లాడిన గుర్తు లేదు.

"ఆ పెన్ను వెన్న దిమ్మల వెనక్కి జరిపింది నేనే అయ్యుంటానేమో," అంది కోడలు కళ్లు తుడుచుకుంటూ.

"నేను కూడా అయ్యుండొచ్చు," అంది అత్తగారు. "ఇప్పుడు కింద ఎవరు చూస్తున్నారు రుచి?" అని అడిగింది.

"మీ అబ్బాయే."

"వాడా? వాడికి ఉప్పుకీ పంచదారకీ తేడా తెలిస్తేగా. చిన్నప్పుడు సున్నం ముక్క నాకి బాగుందన్నాడు." కోడలికి ఏడుపులోనే నవ్వొచ్చింది. "మరి నువ్వెందుకు చూడవు?"

"నేనా? మొదటి బన్ను మీది కదా అత్తయ్యా. నన్నెవరు చూడమన్నారు?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. ఇన్నేళ్లుగా పొద్దున్నే పళ్లెం పట్టుకుని ఎదురుగా నిలబడిన పిల్లకి ఒక్కనాడన్నా ఓ ముక్క తుంచి ఇద్దామని తనకి తోచలేదు. ఆ సంగతి అత్తగారికి సూదికన్నా లోతుగా దిగింది. చల్లారిన అన్నం పళ్లెం దగ్గరికి లాక్కుంది.

మర్నాడు వీధి దీపాలు ఆరకముందే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అత్తగారు లేచి మాత్ర పెట్టె అందుకునేసరికి కోడలు లోపలికి వచ్చింది. పళ్లెంలో బన్ను పొగలు కక్కుతోంది.

"ఇవాళ మొదటి వాయిదే అత్తయ్యా. సరుకంతా కిందే ఉంది. మీరు మాత్ర వేసుకోండి. అరగంట ఆగి మీరు చూశాకే ఏదన్నా కదిలేది. ఆయనతో చెప్పాను, సరేనన్నారు."

అత్తగారు కోడలు చూస్తుండగా మాత్ర వేసుకుని రెండు గుక్కలు నీళ్లు తాగింది. ఈసారి గడియారం వంక సూటిగా చూసింది.

కింద వీధిలో వ్యాను ఆగింది. డ్రైవరు హారను కొట్టాడు. కొడుకు గొంతు మెట్ల కింద నుంచి వినిపించింది. "అమ్మా, క్యాంటీను బండి వచ్చింది. ఆపమంటావా?"

"ఆస్పత్రిలో రోగుల్ని ఆకలితో కూర్చోబెట్టి నేను రుచి చూడాలా?" అంది అత్తగారు కోడలితో. "కూర్చో."

కోడలు కూర్చుంది. అత్తగారు బన్ను తుంచింది. వేళ్లకి వేడి తగిలింది, వాసన కడుపులోకి దిగింది. ఆ ముక్కని కోడలి నోటి దగ్గరికి పట్టుకెళ్లింది.

"అత్తయ్యా, నేను..."

"కళ్లు మూసుకో. తొందరపడి మింగకు. నాలుక పక్కల్లో తెలుస్తుంది ఉప్పు."

కోడలు కళ్లు మూసుకుని నమిలింది. మూసుకున్న కళ్లలోంచే నీళ్లు జారాయి. అత్తగారు చెయ్యి చాచి ఆ భుజం పట్టుకుంది, సూది పొడిచేటప్పుడు పట్టుకున్నంత గట్టిగా.

"చెప్పు."

"బాగుంది."

"బాగుందని మీ ఆయనా అంటాడు. నిజం చెప్పు."

కోడలు ఇంకాసేపు నమిలింది. "ఉప్పు చిటికెడు తక్కువైంది," అంది భయంభయంగా.

"అమ్మా," కింద నుంచి మళ్లీ పిలుపు. "ఏమంటావ్?"

"నన్నడుగుతావేంట్రా?" అత్తగారు గొంతెత్తింది. "నీ పెళ్లాన్ని అడుగు."

 కోడలు పమిటతో మొహం తుడుచుకుని మెట్ల దాకా వెళ్లింది. రెయిలింగు పట్టుకుని నిలబడింది. కిందికి వంగి కేకేసింది.

"తియ్యండి. రెండో వాయికి ఉప్పు చిటికెడు పెంచమనండి."

వెనక తలుపు తెరుచుకుంది, ట్రేలు బండెక్కాయి. కాసేపటికి షట్టరు గరగరా లేచింది. కోడలు వెనక్కొచ్చి, మిగిలిన బన్ను మీద గిన్నె బోర్లించి, "ఇది మీకు. కానీ అరగంట అయ్యాకే," అంది.

"తెలుసులే. ఈ కాళ్లు బాగుపడనీ. మెట్లు దిగొచ్చి, నీ గల్లా ముందు అందరితో పాటు నిలబడి డబ్బిచ్చి కొనుక్కుంటాను. అప్పుడు బాగోలేకపోతే చెప్తాను నీ సంగతి."

"చెప్పండి," అంది కోడలు. నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ కిందికి వెళ్లింది.

అత్తగారు గడియారం ముళ్లు కదలడం చూస్తూ కూర్చుంది. అరగంట ఇంత పొడుగుంటుందని ఆవిడకి తెలియదు. అది నిండాక గిన్నె తీసి, చల్లారిన బన్ను అంచున ఓ చిటికెడు తుంచి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుని, పాత అలవాటు కొద్దీ నెమ్మదిగా నమిలింది.

నిజంగానే ఉప్పు చిటికెడు తక్కువైంది.